మంద విన్న గొంతు

చిన్నవంక, వజ్రకరూరు మండలం
జూన్ 9

మల్లీ,

మీ అన్న ఈడ బాగున్నాడు. నువ్వూ అట్లే ఉన్నావనుకుంటాను.

నిన్న నువ్వు మూడుసార్లు ఫోను చేశావు. మూడుసార్లూ ఎత్తాను. "పలుకన్నా, ఆడ ఉండావా లేదా?" అని నువ్వు అరుస్తూనే ఉన్నావు, నేను పలుకుతూనే ఉన్నాను. నా మాట నా మీసం దాటి పోవడం లేదు, ఇంక అనంతపురం దాకా ఏం వస్తుంది. అందుకే ఈ జాబు. ఏడో తరగతి దాకా అయ్యవారు కొట్టి నేర్పించిన అక్షరాలు అరవై ఏడేండ్ల వయసులో పనికొచ్చాయి.

గొంతు ఒక్కరోజులో పోయింది కాదు. ఎనిమిదేండ్లుగా సన్నబడుతూ వచ్చింది. జలుబు అనుకున్నాను, దుమ్ము అనుకున్నాను. ఇప్పుడు మాట బదులు గాలి వస్తోంది. పోయిన నెల గాలిమరల కొండ కింద రెండు చూడిగొర్రెలు వెనకబడ్డాయి. పిలిచాను. ఎదురుగాలి నా పిలుపును నా నోట్లోకే తోసింది. మరుసటి రోజు పోయి చూస్తే ముళ్ళకంపకు ఇంత ఊలు, కొంచెం రక్తం. తోడేళ్ళు.

మన కుంట కాడి పద్ధతి నీకు గుర్తుంది కదా. మధ్యాహ్నం మూడు నాలుగు మందలు నీళ్ళకు దిగి కలిసిపోతాయి. ఎవరూ కట్టె పట్టి విడదీయరు. నీళ్ళు తాగాక ఒక్కో కాపరి ఒక్కో గట్టున నిలబడి తన ఇంటి పిలుపు పిలుస్తాడు. గొర్రెలు వాటంతట అవే చీలి ఎవరి గట్టుకు వాళ్ళవి వస్తాయి. ఈ ఏడు నావి రావడం లేదు. వినబడితే కదా రావడానికి. అందరూ వెళ్ళిపోయాక నేను నీళ్ళలో దిగి ఒక్కొక్కదాన్నీ తోలుకుంటున్నాను.

గంగాధరప్ప మొన్న వచ్చి చెప్పాడు. ఎండాకాలం ముందు వలస పోయే నాలుగు మందలకూ ఈసారి అతనే పెద్ద. "మామా, నిన్ను తప్పు పట్టేది కాదు. తుంగభద్ర కాలువ కిందికి పోయినాక అన్నీ కలిసే మేస్తాయి. నీ గొర్రెల్ని నువ్వు పిలుచుకోలేకపోతే మేము పిలుస్తామా? దసరా దినం కుంట కాడ పిలువు. చీలినాయంటే నువ్వూ రా. చీలలేదంటే మందను అమ్ముకో" అన్నాడు. న్యాయమే. ఈడ ఉంటే సంక్రాంతి దాటాక మేత ఉండదు. మంద పోతే నేను పొద్దున లేచి ఏ దిక్కుకు నడవాలో నాకు తెలియదు, మల్లీ.

మీ అన్న
లింగప్ప


అనంతపురం
జూన్ 21

లింగన్నా,

నీ జాబు రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వుకుంటూ, ఒకసారి ఏడ్చుకుంటూ. నోరు తెరిస్తే గొర్రెల కాపరివి, కాగితం పట్టుకుంటే అయ్యవారి మాదిరి రాస్తావే.

నీ గొంతు పోయిందని నువ్వు రాసిన రోజు పొద్దంతా నాకు పాత చిన్నవంక కళ్ళ ముందు తిరిగింది. నాకు ఆరేడేండ్లుంటాయి. అమ్మ సంగటి మూట నెత్తిన పెట్టి "అన్నకు ఇచ్చి రాపో" అనేది. ఆ ఎర్ర బీడులో దారి ఎక్కడుంటుంది? అంతా ఒక్క మాదిరే, దూరాన ఎండ నీళ్ళలాగా ఆడుతుండేది. వంక దాటి నిలబడి వినేదాన్ని. ఎటునుంచో నీ పిలుపు వచ్చేది. నాయన పిలుపే, నీ గొంతులో. లోపల ఎక్కడో పుట్టి, సాగి సాగి, చివర విరిగేది. అది ఏ దిక్కునుంచి వస్తే ఆ దిక్కుకు నడిచేదాన్ని. కళ్ళు మూసుకుని కూడా నడిచాను. ఒక్కనాడూ తప్పలేదు.

సరే, పనికొచ్చే మాట. మా వీధి చివర ఆసుపత్రికి రెండో శనివారం బెంగళూరు నుంచి గొంతు డాక్టరు వస్తుంది. పద్మప్రియ అని. హాస్టల్లో నాతో పాటు వంట చేసిన ఆమెకు కూడా ఆ డాక్టరే చూసింది. నీ సంగతంతా చెప్పాను. "వయసుతో గొంతులోని పొరలు పలచబడి ఉండొచ్చు. చూస్తే గానీ చెప్పలేను, తీసుకురండి" అంది. నువ్వు కంబళి కప్పుకుని, కట్టె పట్టుకుని, బీడీ వాసన లేకుండా రా. బస్టాండుకు నేను వస్తాను. రాననకు. అంటే నేనే వచ్చి నీ చెవి పట్టుకుని బస్సెక్కిస్తాను. గొర్రెల ముందర పరువు పోతుంది.

నీ చెల్లెలు
మల్లీశ్వరి


చిన్నవంక
జూలై 16

మల్లీ,

క్షేమంగా ఇల్లు చేరాను. నువ్వు మూట కట్టిన సజ్జరొట్టెలు ఉరవకొండ దాటేలోపే అయిపోయాయి.

డాక్టరమ్మ చెప్పినట్టే రెండు రోజులు నోరు మూసుకున్నాను. గుసగుస కూడా వద్దంది కదా, దానికీ భయపడ్డాను. ఊర్లో వాళ్ళకు మాత్రం తేడా తెలియలేదు. ముందు కూడా నేను అంతే కదా.

అన్నిటికంటే ఆ తెర మరిచిపోలేకున్నాను. ముక్కులోంచి సన్నని తీగ పంపి, "అదో, మీ గొంతు" అని చూపించింది. ఎర్రటి గుహలో రెండు తెల్లటి పొరలు. ఇన్నేండ్లు నేను పిలిచిన పిలుపంతా ఆ వేలెడంత చోటులోంచి వచ్చిందా అనిపించింది. "ఈ… అనండి" అంది. రెండు పొరలూ దగ్గరకు వచ్చాయి గానీ ఆనుకోలేదు. మధ్యన వేపాకు మాదిరి సందు. "ఆ సందులోంచి మీ గాలి వృథాగా పోతోంది. పొరను ఇటుపక్క నుంచి కొంచెం నింపితే రెండూ తాకుతాయి" అంది.

మెడకు తిమ్మిరి మందు వేసి, నేను కుర్చీలో మెలకువగా ఉండగానే సూది దించింది. నొప్పి తక్కువే. మింగొద్దు అన్నప్పుడే కష్టమైంది. తెర మీద చూస్తుండగానే ఆ పొర మెల్లగా ఉబ్బింది. మన చేలో మొదటి వానకు బీటలు కూడుకున్నట్టే కూడుకుంది. నాకు అది నిజమా కలా అన్నది తెలియలేదు. నువ్వు వెనక నిలబడి నా భుజం పట్టుకున్నది మాత్రం తెలిసింది.

మూడో రోజు దొడ్లోకి పోయి మొదటి మాట పలికాను. "కాటుకా" అన్నాను. కళ్ళచుట్టూ నలుపున్న ముసలి గొర్రె, నీకు తెలుసు. అది తల ఎత్తింది. నేను మాత్రం వెనక్కి తిరిగి చూశాను. నాయన లోపలికి వచ్చాడేమో అనుకున్నాను. ఎవరూ లేరు. అది నా గొంతే.

రేపు పొద్దున కొండెక్కి మందను పిలుస్తాను.

లింగప్ప


అనంతపురం
ఆగస్టు 2

అన్నా,

నీ జాబు చదివి హాస్టల్లో ఉన్నంతమందికీ చెప్పాను. వాళ్ళకు నువ్వెవరో తెలియదు, అయినా చెప్పాను.

కొండెక్కి పిలిచావా? మంద ఎట్లా వచ్చింది? అన్నీ ఒక్కసారి వచ్చాయా, వరుసగా వచ్చాయా? గంగాధరప్ప విన్నాడా? ఇవన్నీ జాబులో రాయడం ఎందుకు, గొంతు వచ్చింది కదా, ఫోను చెయ్యి. రోజూ సాయంత్రం పక్కనే పెట్టుకుని కూర్చుంటున్నాను. నాయన పోయి ఇరవై రెండేండ్లు. నువ్వు వెనక్కి తిరిగి చూశానని రాస్తే నాకూ ఒకసారి తిరిగి చూడాలని ఉంది.

మల్లీశ్వరి


చిన్నవంక
ఆగస్టు 19

మల్లీ,

ఈడ వానలు పడ్డాయి. పెద్దవి కావు, దుమ్ము అణిగేంత. వాన పడిన మరుసటి పొద్దుకే చేలల్లో వజ్రాలు వెతికే జనం దిగారు. గుత్తి నుంచి, బళ్ళారి నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. చేలనిండా మనుషులు నడుం వంచి, మాట్లాడకుండా, ఒక్కో అడుగూ వేసుకుంటూ పోతారు. పొద్దున మంచులో చూస్తే మనుషులు మేస్తున్నట్టే ఉంటుంది. ఒకడు నన్నడిగాడు, "తాతా, నువ్వు ఈ చేలల్లోనే తిరుగుతాండావు కదా, ఎప్పుడన్నా దొరికిందా?" అని. యాభై ఏండ్లు తిరిగితే నాకు దొరికింది గొర్రె పెంటికలే అని చెప్పాను.

ముప్పై నాలుగు పిల్లలు పుట్టాయి. అన్నీ బతికాయి. దొడ్డి అంతా పాల వాసన. శెనక్కాయ మొలిచింది, ఇంకో వాన పడితే నిలబడుతుంది.

గొర్రెలు బాగున్నాయి. గంగాధరప్ప బాగున్నాడు. ఫోను ఛార్జింగు నిలవడం లేదు.

లింగప్ప


అనంతపురం
సెప్టెంబరు 5

అన్నా,

నీ జాబులో వాన ఉంది, వజ్రాలున్నాయి, పెంటికలు కూడా ఉన్నాయి. నీ గొంతు లేదు. ఫోను ఛార్జింగు నిలవడం లేదట. నేను నీ చెల్లెలినప్పా, తపాలా ఆఫీసును కాదు. నువ్వేదో దాస్తున్నావు.

అడిగే హక్కు నాకు లేదు. ఎందుకంటే నేనూ దాచాను.

సూదికి ముందు నిన్ను లోపలికి పంపి, డాక్టరమ్మ నాతో చెప్పింది. "ఇది కరిగే మందు. మూడు నాలుగు నెలలు ఉంటుంది. గొంతు ఎట్లా ఉందో చూసుకోవడానికి ముందు ఇదే వేస్తాం. ఆయనకు నచ్చితే తర్వాత ఎక్కువకాలం నిలిచేది వేద్దాం. మీ అన్నకు అర్థమయ్యేలా చెప్పి సంతకం పెట్టించండి" అని. నేను సరే అన్నాను. నీ దగ్గరకు వచ్చి "ఈడ చేవ్రాలు పెట్టు" అన్నాను. నువ్వు చదవకుండా పెట్టావు. నేనిచ్చిన కాగితం నువ్వెప్పుడు చదివావు గనక.

చెప్పి ఉంటే, కరిగిపోయేదానికి మెడలో సూది ఎందుకని నువ్వు కట్టె తీసుకుని బస్సెక్కేవాడివి. నీకోసమే దాచాను అంటే అబద్ధం. నాకు ఆ గొంతు ఒక్కసారి వినాలని ఉండింది. అంతే. ఆ సంబరంలో నీ మందను మరిచిపోయాను. దసరాకు ఇంకా నిలుస్తుందో, అప్పటికే పలచబడుతుందో నాకు తెలియదు. రోజులు లెక్కపెట్టుకుంటూ నిద్ర పట్టడం లేదు.

నన్ను తిట్టు. జాబులోనైనా సరే.

మల్లి


చిన్నవంక
అక్టోబరు 3

మల్లీ,

తిట్టను. నువ్వు నా దగ్గర దాచిందీ, నేను నీ దగ్గర దాచిందీ పక్కపక్కన పెడితే ఎవరిది పెద్దదో తేలదు.

జూలైలో కొండెక్కాను కదా. గాలిమరలు తిరుగుతున్నాయి, కింద మంద మేస్తోంది. నాయన పిలుపు పిలిచాను. ఎనిమిదేండ్ల తర్వాత కొండ నాకు బదులు పలికింది. కింద నూటపది గొర్రెలూ తలలెత్తి చూశాయి. చూసి, తోడేలును చూసినట్టు అవతలి దిక్కుకు పరుగు పెట్టాయి.

కాటుక ఒక్కటే వచ్చింది. పండ్లూడిన గొర్రె, రొప్పుకుంటూ కొండ సగం ఎక్కి నా కాళ్ళ దగ్గర నిలబడింది. అప్పుడు తెలిసింది నాకు. మందలో అది తప్ప అన్నీ ఏడేండ్ల లోపువే. నా గొంతు సన్నబడినాక పుట్టినవి. వాటికి లింగప్ప అంటే ఆ గాలి గొంతే. నేను ఎవడో పరాయివాడినయ్యాను నా మందకు.

ఆ పొద్దు నుంచీ ఏం చేశానో చెబితే నవ్వుతావు. మెడ నొక్కుకుని, ఊపిరి వదిలేసి, పోయిన గొంతును నటించాను. దగ్గరున్నవి వచ్చేవి. దూరమున్నవి ఎప్పటిలాగే వినేవి కావు. నువ్వు అంత కష్టపడి తెప్పించిన గొంతును దాచుకుని తిరిగాను. నీకు ఫోను ఎట్లా చేసేది? జాబులో దాచగలను గానీ గొంతులో దాచలేను. ఒక్క మాటకే పట్టేస్తావు.

ఒక్క పిల్లల దగ్గర మాత్రం దాచలేదు. నెల దాటేదాకా పిల్లలు దొడ్లోనే ఉంటాయి, తల్లులు మేతకు పోతాయి కదా. సాయంత్రం తల్లుల్ని బయట నిలిపి, నేను దొడ్లోకి పోయి, పిల్లలతో నోరారా మాట్లాడేవాణ్ణి. ఊర్లో ఎవరు మంచివాళ్ళో ఎవరు కాదో అన్నీ చెప్పాను. తర్వాత నాయన పిలుపు పిలిచి, తడిక తీసి, తల్లుల్ని వదిలేవాణ్ణి. నాకు ఆ ముప్పై నాలుగే తోడు.

నిన్న దసరా. కుంటలో నాలుగు మందలు కలిశాయి. ఇప్పుడు పిల్లలు కూడా మందతోనే వస్తున్నాయి. ముగ్గురు పిలిచారు, వాళ్ళవి చీలి పోయాయి. నా వంతు వచ్చింది. దొంగ గొంతుతో పిలిస్తే గట్టు దాటదు. అసలు గొంతుతో పిలిస్తే పారిపోతాయి. గంగాధరప్ప గట్టు మీద నా వైపు చూడకుండా నిలబడ్డాడు. మంద ఎటూ పోయినట్టే అనుకున్నాను. పోయేదేదో నాయన పిలుపు విని పోనీ అని, నిండుగా పిలిచాను.

పెద్ద గొర్రెలు బెదిరి వెనక్కి తిరిగాయి. అప్పుడు నీళ్ళలోంచి ఒక పిల్ల బయటికి దూకింది. దాని వెనక ఇంకోటి. తోకలెత్తుకుని ముప్పై నాలుగూ గట్టెక్కి నా మీదికి వచ్చాయి. ఆ పిలుపంటే వాటికి పాలు కదా. పిల్లలు ఇటు పరుగెత్తేసరికి తల్లులు నిలబడ్డాయి. అరిచాయి. పిల్లల వెనక తల్లులు, తల్లుల వెనక మిగతావి, నీళ్ళు కారుకుంటూ అన్నీ వచ్చాయి. చివరన కాటుక, పరుగెత్తలేక నడుచుకుంటూ.

గంగాధరప్ప గట్టు చుట్టి నా దగ్గరికి వచ్చాడు. "మామా, ఇట్ల చీలేది నేనెప్పుడూ చూల్లేదు. కంబళి సర్దుకో" అన్నాడు.

నువ్వు కరిగే మందు అని రాసినప్పుడు, నిజం చెబుతున్నాను, నాకు ఊరటే కలిగింది. పోతే పోనీ, మళ్ళీ నా మందకు నేను దొరుకుతాను అనుకున్నాను. నిన్నటి నుంచి అట్లా అనుకోలేకున్నాను. ఈ పిల్లలకు నా గొంతు ఇదే, మల్లీ. ఇది కరిగిపోతే అవీ ఒకనాడు నన్ను చూసి పరుగెత్తుతాయి. నాలుగు రోజులుగా మాట చివర మళ్ళీ గాలి మొదలైంది.

నిలిచే మందు వేయించు. ఈసారి కాగితం చదివి చేవ్రాలు పెడతాను.

లింగప్ప


అనంతపురం
అక్టోబరు 9

అన్నా,

నీ జాబు డాక్టరమ్మకు ఫోనులో చదివి వినిపించాను. పిల్లలు గట్టెక్కిన చోట ఆమె "ఒక్క నిమిషం" అని ఫోను పక్కన పెట్టింది.

ఏమీ దాచకుండా రాస్తున్నాను, చదువుకో. ఈసారి వేసేది మందు కాదు, నీ కొవ్వే. పొట్ట దగ్గర నుంచి కొంచెం తీసి, శుభ్రం చేసి గొంతు పొరల్లో వేస్తారు. థియేటరులో మత్తు ఇచ్చి చేస్తారు. కొంత ఒంట్లో కలిసిపోతుంది కాబట్టి కాస్త ఎక్కువే వేస్తారు, మొదట్లో గొంతు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. మిగిలింది కొందరికి ఏండ్ల తరబడి నిలుస్తుంది, కొందరికి మళ్ళీ వేయాల్సి వస్తుంది. నీకు ఎట్లా అన్నది ఆమె మాట ఇవ్వలేదు.

అసలు చిక్కు వేరే. నీ ఒంట్లో కొవ్వు యాడుంది? ఎముకల మీద కంబళి కప్పినట్టుంటావు. "నాది తీసుకోమ్మా, పదిమందికి సరిపోతుంది" అన్నాను. కుదరదంట, నీదే కావాలంట. గొర్రె కొవ్వు పనికొస్తుందా అని అడిగేదానికి నాకే సిగ్గేసింది. నెలాఖరు శనివారం తేదీ ఇచ్చింది. ఈ రెండు వారాలూ ఈడికి వచ్చి కూర్చో. పొద్దున నెయ్యి, మధ్యాహ్నం నెయ్యి. గంగాధరప్పకు నేను చెప్పాను, నువ్వు కోలుకునే దాకా వలస ఆపుతానన్నాడు. అంతవరకూ నీ మందను కూడా అతనే చూసుకుంటాడంట. పిల్లల్ని మాత్రం ఎట్లా పిలవాలో చెప్పి రమ్మన్నాడు.

మల్లి


కాలువ గట్టు, సిరుగుప్ప దగ్గర
నవంబరు 28

మల్లీ,

టీ బంకు చిరునామా పెడుతున్నాను, జాబు ఈడికే రాయి.

ఎంత చూసినా పచ్చగా ఉంది ఈడ. కళ్ళకు అలవాటు లేక పొద్దున లేచి ఇది ఏ ఊరని నన్ను నేనే అడుగుతున్నాను. వరి కోసిన మడుల్లో మంచు, మంచులో మంద. గొర్రెలు కనబడవు, గంటలు మాత్రమే వినబడతాయి.

గొంతు మొదట్లో ఎండిన బండిచక్రం మాదిరి కిర్రుమంది. గంగాధరప్ప నూనె వేద్దామా అన్నాడు. ఇప్పుడు సర్దుకుంది. కొడవలి మాదిరి చిన్న గాటు పొట్ట మీద మిగిలింది. నువ్వు పోసిన నెయ్యి అంతా అక్కడికే పోయిందనుకుంటాను.

పెద్ద గొర్రెలు కూడా మెల్లగా అలవాటు పడ్డాయి. కాటుక దారిలో హగరి ఏటి ఇసుకలో పడుకుంది, మళ్ళీ లేవలేదు. పాత గొంతు ఎరిగిన గొర్రె అదొక్కటే ఉండింది. ఇప్పుడు ఆ గొంతు ఎరిగినదానివి నువ్వొక్కదానివే.

మంగళవారం సాయంత్రం ఐదింటికి ఫోను చేస్తాను. ఛార్జింగు ఉంది.

అన్న


అనంతపురం
డిసెంబరు 3

అన్నా,

నిన్న ఫోను పెట్టేశాక నీతో మాట్లాడింది ఏమీ లేదని గుర్తొచ్చింది. అందుకే ఈ జాబు.

ఐదు కొట్టేసరికి సంగటి కలుపుతున్నాను. ఫోను ఎత్తి "హలో" అనేలోపే నువ్వు "మల్లీ, మాట్లాడాకు. విను" అన్నావు. ఆ రెండు మాటలకే నా చేతిలో తెడ్డు ఆగిపోయింది. తర్వాత పిలిచావు. లోపల ఎక్కడో పుట్టి, సాగి సాగి, చివర విరిగింది. నాయనది కాదన్నా అది. నీది. కొంచెం వయసు పడింది, చివర కొంచెం జీర ఉంది, అయినా నీదే.

తర్వాత కాసేపు ఏమీ లేదు. మెల్లగా దూరాన ఒక గంట మోగింది. ఇంకోటి. ఆపైన లెక్క తెలియలేదు, గంటలు, కాళ్ళ చప్పుడు, పిల్లల అరుపులు, అన్నీ నా చెవి దగ్గరికి వచ్చాయి. నువ్వు వాటితో "రాండి, రాండి, మీ అత్త వింటాండాది" అంటున్నావు.

నేను వంటింట్లో నిలబడి ఉన్నాననే అనుకున్నాను. చప్పుళ్ళు ఆగాక చూసుకుంటే వీధిలో ఉన్నాను. కాళ్ళకు చెప్పులు లేవు, చేతిలో సంగటి అంటిన తెడ్డు ఉంది. నీ పిలుపు వచ్చిన దిక్కుకు నడిచాను.

నీ చెల్లెలు
మల్లి